నా జపనీస్ నోటుబుక్కులో తెలుగు

ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా ఆసియా కాకెహాషి ప్రాజెక్టు కింద జపాన్ వెళ్ళాను. కాకెహాషి అంటే వారధి. 2018 నుంచి ఐదేళ్లలో ఆసియా దేశాల హైస్కూలు పిల్లలు వెయ్యి మందిని తమ బడులకు పిలవాలని జపాన్ ప్రభుత్వం పెట్టుకున్న పథకం అది. ఒక కుటుంబంతో కలిసి ఉంటూ, అక్కడి పిల్లలతో పాటే బడికి వెళ్ళాలి.

సెలక్షన్ కంటే కాగితాలే ఎక్కువ టెన్షన్ పెట్టాయి. బోనఫైడ్‌లో నా ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. అది సరిచేయించడానికి నాన్న రెండు వారాలు తిరిగారు. జపాన్ నుంచి అర్హత పత్రం వచ్చాకే వీసాకు అప్లై చేయాలి. దాని కోసం రోజూ మెయిల్ చూసుకునేదాన్ని.

నన్ను పంపింది వకయమ అనే ప్రాంతానికి. జపాన్‌లో ఉమె కాయలు ఎక్కువగా కాసేది అక్కడే. నేను దిగిన ఆగస్టులో, పెరట్లో ఒబాచాన్, అంటే ఆ ఇంటి నానమ్మ, ఉప్పులో ఊరిన ఉమెలను వెదురు చేటల మీద ఒక్కొక్కటే తిరగేస్తున్నారు. పక్కన జాడీలో ఎర్రటి ఊట. మా అమ్మమ్మ మాగాయ ముక్కలు ఎండబెట్టేది అచ్చం ఇలాగే. ఒకటి నా చేతిలో పెట్టి "తబెతె మితె" అన్నారు. తబెతె అంటే తిని, మితె అంటే చూడు. తిని చూడు! పులుపుకి పళ్ళు జివ్వుమన్నాయి కానీ నా మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

హైదరాబాద్‌లో ఆరు నెలలు జపనీస్‌ను ఇంగ్లిష్ పుస్తకం పట్టుకుని ప్రతి వాక్యాన్నీ తలకిందులు చేస్తూ నేర్చుకున్నాను. ఆ రాత్రి నోటుబుక్కులో ఇంగ్లిష్ అర్థాలన్నీ కొట్టేసి తెలుగు రాసుకున్నాను. "కినో కత్త హోన్": నిన్న కొన్న పుస్తకం. మాట వెనక మాట, అదే వరస. "ఇకిమాస్" వెళ్తారు, చివర "కా" చేరిస్తే వెళ్తారా. మెరిసేది మనకు ధగధగ, వాళ్ళకు పికపిక. మన బస్సు వాళ్ళకు బసు. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత అన్నది కూడా మనలాగే.

కంజీ, అంటే చైనా లిపి నుంచి వచ్చిన అక్షరాల దగ్గర మాత్రం తెలుగు ఏ సాయమూ చేయలేదు. చరిత్ర క్లాసు నాకు డిసెంబరు దాకా అర్థం కాలేదు.

బడి పండగలో మా క్లాసు నాకు ఒక బల్ల ఇచ్చింది. వచ్చినవాళ్ళ పేర్లు తెలుగులో రాసిచ్చాను. వాళ్ళ పేర్లు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, అందుకే మన లిపిలో చక్కగా కూర్చుంటాయి. కాలిగ్రఫీ నేర్పే సెన్సే వచ్చి కుంచె అందించి, మీ భాషలో అమ్మ అని రాయమన్నారు. "మ్మ" వంపు దగ్గర సిరా పాకింది. ఆయన అదే కాగితాన్ని గోడకు పెట్టారు.

రోజూ బడికి బయల్దేరేటప్పుడు గుమ్మంలో "ఇత్తె కిమాస్" అనేదాన్ని, వెళ్ళొస్తాను అని. ఒకాసాన్, అంటే ఆ ఇంటి అమ్మ, "ఇత్తె రష్షాయ్" అనేవారు, వెళ్ళి రా అని. మార్చిలో స్టేషన్ దగ్గర సూట్‌కేసు అందిస్తూ కూడా ఆవిడ సయొనారా అనలేదు, ఆ మాటే అన్నారు. నాకు గొంతు పెగల్లేదు. రైలు కదిలాక కిటికీలోంచి తెలుగులో అన్నాను, వెళ్ళొస్తానమ్మా అని.