చూసినందుకే డబ్బులా?

ఆ మధ్య ఓ శనివారం కారుకి ఎమిషన్ టెస్టు (పొగ పరీక్ష) కోసం వెళ్తే అక్కడి పెద్దాయన నన్ను దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో కేబుల్ గుచ్చాడు, స్క్రీన్ చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. "దీని మెమరీని ఎవరో తుడిచేశారు. నువ్వేనా?" అన్నాడు. నా వెనక నాలుగు బళ్లున్నాయి. నేనేదో నసిగాను. "తుడిస్తే బాగయినట్టు కాదు. ఓ వారం నడిపి తీసుకురా, ఈలోపు లైటు వెలిగితే రిపేర్ చేయించుకునే రా" అని కేబుల్ పీకి వెనక బండిని రమ్మని చెయ్యి ఊపాడు.

గొంతు కూడా పెంచలేదు ఆయన. అయినా ఆ రోజంతా మనసు మనసులో లేదు. డల్లాస్ వచ్చి పదకొండేళ్లు, ఒక్క స్పీడింగ్ టికెట్ లేదు, టాక్సులు వేళకి కడతాను, అలాంటిది ఎలక్ట్రిక్ మీటరు వెనక్కి తిప్పినవాణ్ణి చూసినట్టు చూశాడు. ఇప్పుడు మీకు చెబుతున్నానే గానీ, ఇది నాకు నేను చెప్పుకుంటున్న సంజాయిషీనే.

నాది 2011 టొయోటా క్యామ్రీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, లక్షా ముప్పై వేల మైళ్లు దాటింది. రిజిస్ట్రేషన్ గడువు ఇంకో మూడు వారాలుందనగా చెక్ ఇంజన్ లైటు వెలిగింది. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు గానీ కొన్ని కౌంటీల్లో రిజిస్ట్రేషన్‌కి పొగ పరీక్ష అలాగే ఉంది, అందులో మా డల్లాస్ ఒకటి. ఆ లైటు వెలుగుతూ ఉంటే ఫెయిలే. ఓ షాపుకి తీసుకెళ్తే నూట యాభై డాలర్లు 'డయాగ్నస్టిక్ ఫీజు' అన్నారు. రిపేరుకి కాదు, రోగం పేరు చెప్పినందుకు. చెప్పిన పేరు పి0420 అనే కోడ్. అంటే సైలెన్సర్ గొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదని బండికి అనుమానం. మార్చాలంటే పద్దెనిమిది వందలు. దానికి ప్రభుత్వ నిబంధన ప్రకారం ఎనిమిదేళ్లో ఎనభై వేల మైళ్లో వారంటీ ఉంటుందట, నా బండి ఆ రెండూ ఎప్పుడో దాటేసింది.

ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటపడ్డాను. ఆఫీసులో ఒకతను వాళ్ల కారులో పెట్టుకునే, కోడ్లు చదివే బ్లూటూత్ ముక్క ఇచ్చాడు, అగ్గిపెట్టె అంత ఉంటుంది. దాన్ని సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో చూస్తే అదే కోడ్, పక్కనే 'ఎరేజ్' అని బటన్. మీరైతే నొక్కరా? నొక్కాను, లైటు ఆరిపోయింది, దేవుడికి దణ్ణం పెట్టుకుని టెస్టుకి పోయాను. కోడ్ తుడిచినప్పుడు బండి తనను తాను పరీక్షించుకున్న ఫలితాలన్నీ కూడా తుడిచిపెట్టుకుపోతాయని, అవి మళ్లీ పూర్తికావాలంటే చల్లారిన ఇంజన్‌తో మొదలుపెట్టి హైవే మీదా సిగ్నళ్ల దగ్గరా రోజుల తరబడి తిరగాలని నాకేం తెలుసు? 2001 మోడల్ నుంచి వచ్చిన బళ్లకి అలాంటి పరీక్ష ఒక్కటి మాత్రమే పెండింగ్ ఉండనిస్తారు. పైగా 2010 మోడళ్ల నుంచి మెల్లగా శాశ్వత కోడ్లని తెచ్చారు, అవి ఏ బటన్ నొక్కినా పోవు, రోగం తగ్గిందని బండికే నమ్మకం కుదిరాక అదే తీసేసుకుంటుంది. తప్పు చేసి దొరికిపోవడం కంటే, దొరికిపోతానని తెలియని తెలివితక్కువతనం ఎక్కువ గుచ్చింది.

అప్పట్నుంచి మొదలైంది, కోడ్లు చదివే సాఫ్ట్‌వేర్ సొంతంగా కొనుక్కుంటే పోలేదా అని. వారం రోజులు పిల్లలు పడుకున్నాక ఇదే పని. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులోనూ ఆ పదహారు పిన్నుల సాకెట్ ఉండి తీరాలి కాబట్టి ముప్పై డాలర్ల ముక్కకి ఐదు డాలర్ల యాప్ కలిపినా కోడ్ చదవొచ్చు. కానీ చట్టం బలవంతంగా తెరిపించింది పొగకి సంబంధించిన గదిని మాత్రమే. ఏబీఎస్ బ్రేకులు, ఎయిర్‌బ్యాగ్ లాంటివి ఏ కంపెనీ భాష ఆ కంపెనీదే, అవి చదవాలంటే రెండొందల డాలర్ల సరుకో, నెలకో ఏడాదికో ఇంతని చందా కట్టేదో కావాలి. చందా అనగానే నాకు ఒళ్లు మండింది. ఏడాదికోసారి వెలిగే లైటుకి నెలనెలా వడ్డీయా? ఇంకో మిత్రుడు కార్ల కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌కే దొంగ కాపీ ఉంది, లాప్‌టాప్‌లో వేసుకోమన్నాడు. నా దగ్గరున్నది ఆఫీసు లాప్‌టాప్ బాబూ, ఉద్యోగం పోతే వీసా మీద అరవై రోజులే గడువు, సైలెన్సర్ కోసం సంసారం పణం పెట్టలేను.

అసలు బాధ సాఫ్ట్‌వేర్ ధర కాదని నాకూ తెలుసు. చూసినందుకే డబ్బులేమిటి అన్నది మింగుడు పడటం లేదు. విజయవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రి బోనెట్ ఎత్తి, ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. నాన్న పక్కన నిలబడి టీ తాగేవాడు. "టాపెట్లు సార్" అనేవాడు, అంతే. ఆ విన్నదానికి పైసా అడిగిన గుర్తు లేదు. పని చేస్తే పనికి, లేదంటే టీ డబ్బులు నాన్నే ఇచ్చేవాడు. (ఒకసారి కార్బరేటర్ అని చెప్పి మూడుసార్లు విప్పిన సంగతి కూడా ఉంది, దాన్ని ఇప్పుడు కదపను.)

ఇక్కడ ఒక చిక్కుంది, అది మా ఆవిడ పట్టుకుంది. "మీరు చేసేదేమిటి మరి?" అంది. నేను చేసేది సపోర్ట్. క్లయింటు సిస్టమ్ ఆగిపోతే లాగ్‌లు (సిస్టమ్ రాసుకునే చిట్టాలు) తెప్పించుకుని ఎందుకు ఆగిందో కనిపెట్టడం. సరిచేయడం ఇంకో టీమ్ పని. మా కంపెనీ ఆ కనిపెట్టిన గంటలకే బిల్లు వేస్తుంది, ఆ గంట రేటు ముందు నూట యాభై ఏపాటి. క్లయింట్లు "చూసినందుకే ఇంతా?" అన్నప్పుడు నేనెంత విసుక్కున్నానో గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేదు. అయినా ఒప్పుకోను. నేను లాగ్ చూశాకే చెబుతాను. ఆ షాపువాడు కోడ్ చదివాడు గానీ బండి కిందకి దూరి చూడలేదు. ఆ కోడ్ వరకైతే ఆటోజోన్ లాంటి విడిభాగాల షాపుల్లో ఉచితంగానే చదివిపెడతారు.

చివరికి ముప్పై డాలర్లదే కొన్నాను. కోడ్ కంటే అందులో పనికొచ్చింది గ్రాఫు. కన్వర్టర్ వెనకుండే ఆక్సిజన్ సెన్సర్ గీత నిలకడగా ఉంటే కన్వర్టర్ బతికున్నట్టే. నాది హైవే మీద నిలకడగానే ఉంది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం ధబాల్న పడిపోతోంది. ఆ గీత పట్టుకుని ఓ చిన్న షెడ్డుకి వెళ్లాను. ఆయన ఫోన్ వైపు సగం చూసి నవ్వి, బండి పైకెత్తి, గొట్టం అతుకు దగ్గర నల్లటి మసి చూపించాడు. ప్యాకింగ్ పోయింది, అక్కడ గాలి పీలుస్తోంది, అందుకే ఆ గీత పడిపోతోంది. మొత్తం నూట డెబ్బై అయింది, అందులో ఒక గంట 'చూసినందుకే'. నోరెత్తకుండా ఇచ్చాను. పది రోజులు తిరిగాక అదే టెస్టుకి వెళ్లాను, అదే పెద్దాయన, గుర్తుపట్టలేదు, పాస్. గుర్తుపడితే బాగుండేదనిపించింది.

రెండొందల డాలర్లది కొనలేదు. ఏబీఎస్ లైటు వెలిగిన రోజు మళ్లీ ఆలోచిస్తాను. కొన్న ముక్క కూడా వాడాక పీకేస్తున్నాను, వదిలేస్తే మెల్లగా బ్యాటరీ తాగేస్తుందంటున్నారు.

ఆదివారం ఇంటికి ఫోన్ చేసి ఈ రామాయణమంతా చెప్పాను. నాన్న విని, తన కారుకీ అదే లైటు వెలిగిందన్నాడు, 2021 మోడల్ అది. మేస్త్రి ఇప్పుడు షెడ్డుకి రావడం లేదు, కొడుకు చూస్తున్నాడట. స్క్రూడ్రైవర్ పెట్టాడా అన్నాను. "స్క్రూడ్రైవరేంట్రా, ట్యాబ్ పెట్టాడు. స్కానింగ్‌కి ఐదొందలు" అన్నాడు. చూసినందుకేనా అన్నాను.

"మనం కాబట్టి మూడొందలే తీసుకున్నాడు" అన్నాడు నాన్న.