ఏది చెడ్డ ఊరు? ముందు వీసా చూపించండి

పరాయి దేశంలో పనిచేసేవాళ్లు నలుగురు చేరితే, బతకడానికి ఏ ఊరు చెడ్డదనే వాదన రాక తప్పదు. ఒకరు ఢాకా అంటారు, ర్యాంకుల్లో అడుగున ఉంది గనక. ఒకరు కువైట్ ఎండ గురించి మొదలుపెడతారు. మూడో మనిషి ఫ్రాంక్‌ఫర్ట్ అనగానే మిగతావాళ్లు నవ్వుతారు. ఆ మూడో మనిషి మాట కాస్త వినాలి.

ఏటా పేపర్లలో వచ్చే ర్యాంకుల్లో ఎక్కువమంది ఎత్తేది ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ వాళ్ల పట్టీ. 173 నగరాలకు నూటికి మార్కులు వేస్తారు. శాంతిభద్రతలకు 25 శాతం, సంస్కృతికీ వాతావరణానికీ కలిపి 25, వైద్యానికి 20, రోడ్లూ నీళ్లూ కరెంటూ రవాణా వగైరాలకు 20, చదువుకు 10. అట్టడుగున చాలా ఏళ్లుగా డమాస్కస్ ఉంది. యుద్ధం నలిపేసిన ఊరు, అందులో వాదించడానికేమీ లేదు. అయితే ఇంటి అద్దె, సరుకుల ధరలు ఈ మార్కుల్లోకి రావు. ధరలకు వాళ్లదే వేరే సర్వే ఉంది. ఊళ్లో మంచి ఇళ్లున్నాయా అని చూస్తారు గానీ, మీ జీతానికి అందుతాయా అని చూడరు.

కంపెనీలు తమ మనిషిని పరాయి దేశానికి పంపేటప్పుడు కష్టానికి ఎంత అలవెన్సు కలపాలో తేల్చుకోవడం ఈ మార్కులకున్న అసలు ఉపయోగాల్లో ఒకటి. 80 దాటితే ఏమీ అక్కర్లేదు. 70 నుంచి 80 మధ్య అయితే జీతం మీద 5 శాతం, 60 నుంచి 70 అయితే 10, 50 నుంచి 60 అయితే 15, ఇంకా దిగితే 20. ఇదీ వాళ్లు సూచించే లెక్క. కంపెనీ పంపితే వెళ్లినవాళ్లకు కింది ర్యాంకంటే జీతం పెంపు. అదే ఊళ్లో లోకల్ కాంట్రాక్ట్ మీద చేరినవాళ్లకు ఒట్టి కష్టమే మిగులుతుంది.

2022లో ఈ పట్టీలో వాంకూవర్‌ది ఐదో స్థానం, ఫ్రాంక్‌ఫర్ట్‌ది ఏడు. అదే ఏడాది ఇంటర్‌నేషన్స్ అనే ప్రవాసుల నెట్‌వర్క్ వాళ్లు విదేశాల్లో ఉంటున్నవాళ్లనే అడిగి 50 నగరాల పట్టీ వేస్తే ఫ్రాంక్‌ఫర్ట్ 49కి పోయింది, వాంకూవర్ ఆఖరి పదిలో తేలింది. ఊళ్లు మారలేదు, అడిగిన ప్రశ్నలు మారాయి. ఇల్లు దొరకడం ఎంత కష్టమైంది, ఆఫీసుల్లో కాగితాలు కదిలాయా, స్నేహితులు దొరికారా అని అడిగితే వచ్చే జవాబులు వేరు.

నా లెక్కలో ఏ ఊరి గురించైనా మొదట అడగాల్సింది ట్రాఫిక్ సంగతో ఎండ సంగతో కాదు. ఉద్యోగం పోతే ఎన్ని రోజులు ఉండనిస్తారు? అమెరికాలో హెచ్‌-1బి మీద ఉంటే గరిష్ఠంగా 60 రోజులు. నెదర్లాండ్స్‌లో నైపుణ్య వలస వీసాకు మూడు నెలల దాకా. ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి ఒక్కో విడతకు 180 రోజులు, వీసా మొత్తం మీద 365. సింగపూర్‌లో ఎంప్లాయ్‌మెంట్ పాస్ (విదేశీ ఉద్యోగులకిచ్చే పని అనుమతి) రద్దయితే మామూలుగా చేతిలో మిగిలేవి 30 రోజులు.

అందరూ మెచ్చుకునే సింగపూర్‌లో ఈ 30 రోజులు ఎలా గడుస్తాయో చూడండి. విదేశీ ఉద్యోగి మానేస్తున్నా, తీసేస్తున్నా కంపెనీ కనీసం నెల ముందు పన్ను శాఖకు చెప్పి, ఇవ్వాల్సిన డబ్బు ఆపిపెట్టాలి. లెక్క తేలాకే విడుదల. అంటే సరిగ్గా అవసరమైనప్పుడు ఆఖరి జీతం చేతికి రాదు. ఇక ఇల్లు. రెండేళ్ల అగ్రిమెంటులో సాధారణంగా డిప్లొమాటిక్ క్లాజ్ అని ఒకటుంటుంది: పాస్ పోతే ముందే ఖాళీ చేయొచ్చు, కానీ మొదటి 12 నెలలు గడిచాక, రెండు నెలల నోటీసుతో. ఎనిమిదో నెలలో ఉద్యోగం పోయిందనుకోండి. మనిషి తొమ్మిదో నెలకల్లా దేశం దాటాలి, అగ్రిమెంటు మాత్రం పద్నాలుగో నెల దాకా పట్టుకుని ఉంటుంది. రెండు నెలల డిపాజిట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. సంతకానికి ముందే ఆ 12ని తగ్గించమని అడగాలి. ఒప్పుకునే ఓనర్లూ ఉంటారు, అడిగేవాళ్లే తక్కువ.

రెండో ప్రశ్న: తాళం చేతికి రావడానికి ఎన్ని నెలల అద్దె పోయాలి? దుబాయ్‌లో ఏడాది అద్దెకు ముందు తేదీల చెక్కులిస్తారు. నాలుగు చెక్కులైతే మొదటిదానికే మూడు నెలలు. డిపాజిట్ ఏడాది అద్దెలో 5 శాతం, ఫర్నిచర్ ఉంటే 10. ఏజెంటుకు ఇంకో 5. అంతా కలిపి నాలుగు నెలల పైమాటే. చెక్కులు తగ్గించే కొద్దీ అద్దె తగ్గిస్తారు గనక, చేతిలో డబ్బు లేనివాళ్లే ఎక్కువ కడతారు. టోక్యోలో డిపాజిట్, ఏజెంటు ఫీజు, మొదటి నెల అద్దె, హామీ కంపెనీ రుసుము, వీటి పైన చాలా ఇళ్లకు రెయికిన్. ఇంటివాళ్లకు కృతజ్ఞతగా ఇచ్చేదట, తిరిగి రాదు. నాలుగైదు నెలల అద్దె సులువుగా అయిపోతుంది. న్యూయార్క్‌లో ఇంకో రకం: ఏడాది జీతం నెల అద్దెకు 40 రెట్లుండాలంటారు. 3,000 డాలర్ల ఇంటికి 1,20,000. లేదా 80 రెట్లు సంపాదించే హామీదారు కావాలి. కొత్తగా దిగినవాళ్లకు అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతారు?

జర్మనీలో డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదు, అదీ హీటింగ్ వగైరా ఖర్చులు కలపని అద్దె మీద. మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టంలోనే ఉంది, చాలామందికి తెలియక ఒకేసారి కట్టేస్తారు. అక్కడ మెలిక వేరే ఉంది. ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేసుకోవాలి, దానికి ఇంటివాళ్ల సంతకమున్న కాగితం కావాలి. తాత్కాలిక గదులిచ్చేవాళ్లు చాలామంది ఆ సంతకం పెట్టరు. నమోదు కాకపోతే పన్ను నంబరు ఆలస్యం. అది చాన్నాళ్లు రాకపోతే జీతంలో ఆరో పన్ను క్లాసు (అన్నిటికన్నా ఎక్కువ పన్ను కోసేది) లెక్కన పెద్ద కోత పడొచ్చు. తర్వాత సర్దుబాటవుతుంది గానీ, మొదటి నెలల్లో ఊపిరాడదు. ఫ్రాంక్‌ఫర్ట్‌ను తిట్టేవాళ్లను కాస్త గీకితే కింద ఈ కాగితమే బయటపడుతుంది. గది తీసుకునేముందే ఆ సంతకం పెడతారా అని రాతపూర్వకంగా అడగాలి.

ఇక నైజీరియాలోని లాగోస్, పాపువా న్యూగినీలోని పోర్ట్ మోర్స్‌బీ లాంటి అడుగు ర్యాంకుల ఊళ్లు. కంపెనీ ఇల్లు, జనరేటర్, డ్రైవరు ఉన్నవాళ్లకు ఇవి డబ్బు మిగిలే చోట్లు. సొంత ఖర్చు మీద వెళ్తే లాగోస్‌లో ఏడాది, కొన్నిచోట్ల రెండేళ్ల అద్దె ముందే అడుగుతారు. ఏజెంటుకూ అగ్రిమెంటుకూ తలా 10 శాతం అడగడం మామూలు. కాబట్టి కాంట్రాక్ట్‌లో వెతకాల్సింది జీతం అంకె కాదు. డీజిల్ ఎవరిది, అద్దె ఎవరి పేరున, జబ్బు చేస్తే విమానంలో తరలించే బీమా ఉందా. లాగోస్‌లో ఆఫీసు ఐలాండ్ (దీవి) వైపు, ఇల్లు మెయిన్‌ల్యాండ్ (ప్రధాన భూభాగం) వైపు అయితే దాదాపు 12 కిలోమీటర్ల థర్డ్ మెయిన్‌ల్యాండ్ బ్రిడ్జి మీదే రోజులు కరిగిపోతాయి.

ఎండ మాటకొస్తే, కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులైలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఏసీ ఆఫీసులో కూర్చునేవాళ్లకు అది పార్కింగ్ నుంచి తలుపు దాకా. సైట్ మీద ఉండేవాళ్లకు పూటంతా. అందుకే ఆరుబయట పనికి మధ్యాహ్న నిషేధం పెట్టారు: కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4, యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా 12:30 నుంచి 3, ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా 10 నుంచి 3:30. ఈ వేళలు గడియారాన్ని చూస్తాయి, ఉక్కపోతను కాదు; ఖతార్‌లో మాత్రం వేడీ తేమా కలిపిన కొలత హద్దు దాటితే ఏ వేళైనా పని ఆపాలనే నియమం 2021లో వచ్చింది. దోహాలో ఆగస్టు రాత్రి గాలి తేమకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఉత్తరాన ఇబ్బంది తలకిందులు. హెల్సింకీని జూన్‌లో చూసి ముచ్చటపడ్డవాళ్లు డిసెంబర్‌లో పగలు ఆరు గంటలు కూడా ఉండదని తర్వాత తెలుసుకుంటారు. వెళ్లి చూసే వీలుంటే ఆ ఊరి చెడ్డ నెలలోనే చూడాలి.

ఈ వాదన ఒక్కోసారి ఒకే ఇంట్లో జరుగుతుంది. సింగపూర్‌లో డిపెండెంట్ పాస్ మీద వచ్చిన భార్య లేదా భర్త పనిచేయాలంటే 2021 మే నుంచి మామూలుగా సొంత వర్క్ పాస్ ఉండాలి. అమెరికాలో హెచ్‌-4 (హెచ్‌-1బి వాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వీసా) వాళ్లు చాలామంది, హెచ్‌-1బి మీద ఉన్న మనిషి గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 అనే దరఖాస్తు మంజూరయ్యాకే పని అనుమతి అడగగలరు. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ మీద ఆధారపడి వచ్చినవాళ్లు దిగిన రోజు నుంచే ఉద్యోగం చేయొచ్చు. పొద్దున్నే మెట్రో ఎక్కి వెళ్లేవాళ్లు ఊరు బంగారమంటారు. కిటికీ దగ్గర మిగిలినవాళ్లనూ అడగండి.