యుక్కా కుండీ మార్చాలంటే వానలు పడేదాకా ఆగకండి

తొలకరి పడగానే మొక్కల పని మొదలెట్టడం మనకి అలవాటు. కుండీలు మార్చడం, కొమ్మలు గుచ్చడం, నర్సరీ నుంచి కొత్తవి తెచ్చుకోవడం, అన్నీ జూన్, జులైల్లోనే. మందారానికీ మల్లెకీ అది బాగానే కుదురుతుంది. కుండీల్లో అందానికి పెంచే యుక్కా మొక్కకి మాత్రం వద్దు. విశాఖలో యుక్కా కుండీ మార్చాలంటే జనవరి చివరి నుంచి మార్చి మధ్యలోపు మార్చేయండి. చలి తగ్గి మొక్క మళ్ళీ ఎదగడం మొదలెట్టే రోజులవి, ఎండ ఇంకా ముదరదు, వాన దాదాపు ఉండదు, దాంతో కుండీ మార్చేటప్పుడు తెగిన వేళ్ళు మానడానికి టైము దొరుకుతుంది. అదే పని ఆగస్టులో చేస్తే ఆ తెగిన వేళ్ళు తడిమట్టిలో, ఈ ఉక్కపోతలో రోజుల తరబడి నానుతాయి. కుళ్ళు పట్టేది అక్కడే.

మనం ఎక్కువగా పెంచేది మొదలు లావుగా ఉండి, పైన పొడవాటి ఆకులు గుత్తిగా వచ్చే, ముల్లు లేని రకం. దాని సొంత చోటు మెక్సికో, మధ్య అమెరికా. ఎల్ సాల్వడార్‌లో దాని పువ్వే జాతీయ పుష్పం, ఆ పూలని వండుకుని తింటారు కూడా. ఇంకో రకం ఉంది, ఆకు చివర గట్టి ముల్లు ఉంటుంది, అమెరికా ఆగ్నేయ తీరంలో ఇసుక దిబ్బల మీద పెరిగే మొక్క అది. బీచ్ రోడ్డు పక్క డాబాల మీద ఉప్పుగాలిని బాగా తట్టుకుంటుంది, కానీ చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో ఆ రకం పెట్టకండి, ఆ ముళ్ళు సరిగ్గా వాళ్ళ కళ్ళ ఎత్తులో ఉంటాయి. పిల్లులూ కుక్కలూ ఉన్నవాళ్ళు ఏ రకమైనా వాటికి అందకుండా చూసుకోండి, ఆకులు నమిలితే వాంతులు చేసుకుంటాయి.

పోయిన ఫిబ్రవరిలో మా కింద వాటా పిన్నిగారు పిలిచారు. "రోజూ నీళ్ళు పోస్తన్నాను కదమ్మా, మరి ఇదేటి ఇలా వాడిపోతంది?" అన్నారు. కింది ఆకులు పసుపు పచ్చగా వేలాడిపోయాయి. కుండీని పక్కకి పడుకోబెట్టి, అంచు చుట్టూ అరచేత్తో తట్టి మొక్కని లాగితే లోపల నర్సరీ బంకమట్టి ముద్ద అలాగే ఉంది, పైన వేసిన మంచి మట్టికీ దానికీ సంబంధమే లేదు. మురుగు వాసన. ఒక వేరు పట్టుకుంటే పైతొక్క నా చేతివేళ్ళకి జారొచ్చేసి లోపల సన్నటి దారం మిగిలింది. ఆరోగ్యంగా ఉన్న వేరు అలా ఉండదు, లేత రంగులో గట్టిగా ఉంటుంది, లాగినా ఊడిరాదు. నీళ్ళు ఎక్కువై వేళ్ళు కుళ్ళితే మొక్క నీళ్ళు తాగలేదు, తాగలేకపోతే వాడుతుంది, వాడింది కదా అని మనం ఇంకా పోస్తాం. కుళ్ళిన వేళ్ళన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేశాం, ఆ మట్టిముద్దని కర్రపుల్లతో ఓపిగ్గా విడదీశాం, మొక్కని రెండు రోజులు నీడలో ఆరబెట్టి అప్పుడు నాటాం. వారం దాకా చుక్క నీరు పోయొద్దని చెప్తే పిన్నిగారికి ఒకటే టెన్షన్, అయినా ఆగారు. ఏప్రిల్‌కి నడిమిన కొత్త ఆకు లేచింది.

మట్టి సంగతికొస్తే, రెండు పాళ్ళు ఎర్రమట్టి, రెండు పాళ్ళు ముతక ఏటి ఇసుక, ఒక పాలు వర్మీకంపోస్ట్. పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి పలుకులు) దొరికితే కొంచెం కలపండి, లేకపోతే చితక్కొట్టిన ఇటుక ముక్కలు చాలు. కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొట్టు, తడిని పట్టి ఉంచుతుంది, మన గాలిలో ఉన్న తేమకి అది ఎంత తక్కువ వేస్తే అంత మంచిది. ఇసుక కోసం బీచ్‌కి మాత్రం వెళ్ళకండి, అందులో ఉప్పు ఉంటుంది, పైగా అది మరీ సన్నగా ఉండి గట్టిపడిపోతుంది. అలాగే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తున్నాయి కదా అని ఒక బస్తా తెచ్చుకోవడం తప్పు, అది మనం కాపాడుకోవాల్సిన చోటు. నర్సరీలో అడిగితే ఎర్రమట్టి ఇస్తారు.

కొత్త కుండీ పాతదానికన్నా రెండంగుళాలు వెడల్పుంటే చాలు. మరీ పెద్దదైతే వేళ్ళు చేరని మట్టంతా తడిగా ఉండిపోతుంది. నేనైతే మట్టికుండీకే ఓటేస్తాను, చుట్టూ గాలాడుతుంది, బరువు కూడా ఉంటుంది. యుక్కాకి బరువంతా పైనే, ప్లాస్టిక్ కుండీలో మామూలు గాలికే పడిపోతుంది. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్ 12న ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి గాలి గురించి నేను చెప్పక్కర్లేదు, తుఫాను కబురు రాగానే కుండీలు కిందికి దించేయండి. కుండీ అడుగున గులకరాళ్ళు పొరగా వేస్తే నీరు బాగా దిగుతుందని అందరూ అంటారు, నిజానికి దిగదు, తడి నిలిచే చోటు వేళ్ళకి ఇంకా దగ్గరవుతుంది అంతే. చిల్లు మీద ఒక పెంకు ముక్క బోర్లించి పైదాకా మట్టే వేయండి. మొదలు ఇంతకుముందు ఎంత లోతులో ఉందో అంతే లోతులో ఉంచాలి.

నీళ్ళకి రోజులు లెక్కపెట్టొద్దు. వేలు రెండంగుళాలు మట్టిలోకి దించి చూడండి, పొడిగా ఉంటేనే అడుగు చిల్లులోంచి కారేదాకా పోయండి, పళ్ళెంలో చేరినవి పారబోయండి. వానాకాలంలో చూరు కిందికి జరిపేస్తే చాలావరకు పోయక్కర్లేదు. ఇంట్లో ఉన్నదాన్ని ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు తెల్లగా మాడతాయి, వారం పది రోజులు పొద్దుటెండ అలవాటు చేయండి. ఆకుల మొదళ్ళలో పిండినల్లి (తెల్లటి దూదిలా కనిపించే పురుగు) చేరితే తడిగుడ్డతో తుడిచి, సాయంత్రం వేపనూనె కొట్టండి.

మొక్క మరీ పొడుగైపోయిందా, అదే ఫిబ్రవరిలో మొదలుని కావలసిన ఎత్తులో కోసేయండి, కోసిన చోటు కింద కొత్త మొలకలు వస్తాయి. పై ముక్కని కొన్ని రోజులు నీడలో ఆరనిచ్చి నాటితే అది కూడా బతుకుతుంది. మధ్యలో ఆకుల్లేని ముక్కలు మిగిలితే ఏది పైవైపో కోసేటప్పుడే సుద్దతో గుర్తు పెట్టుకోండి, తలకిందులుగా నాటితే వేరు పట్టదు.