74 ఏళ్ల ఒంటితో నలభై రోజులు

ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం విభూది బుధవారంతో మొదలవుతుంది. ఆ రాత్రికి నా కుడిచేతి బొటనవేలు వాచింది. ఉదయం పూజలో మూడొందల పైచిలుకు నుదుళ్లమీద సిలువ గుర్తు వేశాను. సాయంత్రం మళ్లీ దాదాపు అంతమంది. వేలు విభూదిలో అద్దడం, ఒక నిలువు గీత, ఒక అడ్డగీత, "పశ్చాత్తాపపడి సువార్తను విశ్వసించండి" అనే మాట. చిన్న వయసులో ఈ పనిలో వేలు అనేది ఒకటుందన్న ధ్యాసే ఉండేది కాదు. ఇప్పుడు రెండొందల మంది దాటగానే వేలి మొదట్లో కీలు సలుపుతుంది. సాయంత్రం పూజలో, విశ్వాసులకు జ్ఞానోపదేశం చెప్పే మా ఉపదేశి పక్కకొచ్చి, "ఫాదర్‌గారూ, ఒక వరుస నేను చూసుకోనా?" అని మెల్లగా అడిగాడు. విభూదిని ఆశీర్వదించాల్సింది గురువో, గురువుకన్నా ఒక మెట్టు కిందుండే డీకనో గానీ, నుదుట పెట్టడంలో విశ్వాసులూ సాయపడొచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే వద్దన్నాను. ఆ రాత్రి అంగీ బొత్తాలు తీసుకోవడానికి ఎడమచేత్తో అవస్థ పడుతుంటే, ఎందుకు వద్దన్నానా అని ఆలోచనలో పడ్డాను.

నాకు 74 నిండాయి. గురుపట్టాభిషేకమై 46 ఏళ్లు. విచారణ గురువుకు, అంటే ఒక గుడి పరిధిలోని విశ్వాసులందరి బాధ్యత చూసే గురువుకు, 75 నిండితే రాజీనామా లేఖ బిషప్‌గారికి సమర్పించాలని కథోలిక శ్రీసభ చట్టం అడుగుతుంది. అంగీకరించాలా, కొంతకాలం ఆపాలా అన్నది ఆయన నిర్ణయం. అంటే విచారణ గురువుగా బహుశా ఇదే నా ఆఖరి తపస్సు కాలం. దాన్ని ఏ లోటూ లేకుండా, ఎవరి సాయమూ తీసుకోకుండా నడపాలని పట్టుదలగా ఉన్నాను. ఆ పట్టుదల భక్తి అనుకున్నాను.

మొదట ఓడించింది ఉపవాసం. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం ఉపవాస నియమం 18 నిండినవాళ్లకు మొదలై, 60వ ఏడు ప్రవేశించగానే ఆగిపోతుంది. మాంసం మానడం మాత్రం 14 నిండిన దగ్గర్నుంచి వర్తిస్తుంది, దానికి పైవయసు హద్దు లేదు. అంటే ఉపవాసం నా మీదనుంచి తొలగి ఇప్పటికి పదిహేనేళ్లయింది. అయినా ప్రతి ఏడూ చేస్తూనే వచ్చాను. విశ్వాసులకు చెప్పి నేను చేయకపోతే ఎలా అని. ఈసారి విభూది బుధవారం మర్నాడు ఉదయం పూజలో కళ్లు తిరిగాయి. చక్కెర పడిపోయింది. బలిపీఠం అంచు పట్టుకుని నిలబడ్డాను, పూజ ఎలాగో ముగించాను. డాక్టరమ్మ తిట్టలేదు. "మాత్ర వేసుకుని తినకుండా ఉంటే అది ఉపవాసం కాదు ఫాదర్, ప్రమాదం" అంది, అంతే.

అప్పుడు చట్టంలో ఇంకో మాట గుర్తొచ్చింది. పూజలో స్వీకరించే దివ్యసత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదన్న నియమం వృద్ధులకు, రోగులకు, వాళ్లను చూసుకునేవాళ్లకు పట్టింపు లేదు. ఈ మాట మంచం పట్టిన ఎంతోమంది ముసలమ్మలకు నేనే చెప్పాను. "తిను తల్లీ, ప్రభువు ఏమీ అనుకోడు" అని బతిమాలాను. ఆ మాట నాకూ వర్తిస్తుందని ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు నుంచి పూజకు ముందు కొంచెం తిని, మాత్ర వేసుకుని వెళ్లాను. కడుపులో ఆకలి లేని తపస్సు కాలం నాకు చాలా కొత్తగా, వెలితిగా ఉంది. దానికి బదులు రాత్రి భోజనం దగ్గర వార్తలు చూడటం మానుకున్నాను. ఆ వేళ జబ్బుగా ఉన్నవాళ్లకు ఫోన్ చేసేవాణ్ని.

రోజు మాత్రం పాత పద్ధతిలోనే నడిచింది. నాలుగున్నరకు మెలకువ. కీళ్లు వదులవడానికి పావుగంట. తర్వాత పెద్దక్షరాల పుస్తకంలో ఉదయ ప్రార్థన. ఆరింటికి పూజ. పగలు రోగుల ఇళ్లు, విచారణ లెక్కలు, జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్న పెద్దలతో ఒక గంట. శుక్రవారం సాయంత్రం, ప్రభువు సిలువ మోసిన దారిని తలచుకునే సిలువ మార్గం. పద్నాలుగు స్థలాల దగ్గర పద్నాలుగు సార్లు మోకాలు వంచి లేవాలి. రెండో శుక్రవారం నుంచి నేను మధ్యలో ఒకచోట నిలబడి ప్రార్థనలు చదివాను, సిలువ పట్టుకుని పిల్లలు స్థలం నుంచి స్థలానికి నడిచారు. దాని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు, బాగానే జరిగింది.

నన్ను నిజంగా కుదిపింది పాపసంకీర్తనం, అంటే విశ్వాసులు గురువు దగ్గర తమ పాపాలు చెప్పుకోవడం.

ఏం విన్నానో ఎప్పటికీ చెప్పను. ఎలా విన్నానో, ఎలా వినలేకపోయానో మాత్రం చెప్పాలి. రెండేళ్లుగా నా ఎడమ చెవి దాదాపు పనిచేయడం లేదు, కుడిచెవి సగం. పాపాన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. తల దించుకుని, గొంతు తగ్గించి, అసలు చెప్పాల్సిన మాట దగ్గరకొచ్చేసరికి ఇంకా తగ్గించి చెప్తారు. మా ఇద్దరి మధ్య ఉండే జాలీకి అటు పక్క నుంచి నాకు వినిపించేది గుసగుస, ఊపిరి, మధ్యమధ్య ఒక మాట. "మళ్లీ చెప్పు నాయనా" అని ఒకసారి అడగొచ్చు. రెండోసారి అడిగితే అవతలివాడు చితికిపోతాడు. ఏళ్ల తరబడి గుండెలో మోసి, ఎలాగో నోటిదాకా తెచ్చిన మాట అది. దాన్ని మళ్లీ తవ్వించడం క్రూరత్వం. మరి అడగకుండా తలూపితే? నిజం చెప్తున్నాను, తపస్సు కాలం రెండో వారంలో ఒక సాయంత్రం అలా తలూపాను. పాపవిమోచనం ఇచ్చి పంపాను. వినని మాటకు ప్రాయశ్చిత్తం ఏం చెప్పానో తలచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పినవాడి మనసు శుద్ధంగా ఉంది, దేవుడు విన్నాడు, అందులో నాకు సందేహం లేదు. కానీ ప్రభువు ఆ కుర్చీలో ఒక మనిషిని కూర్చోబెట్టింది మనిషి చెవితో వినమనే కదా.

మర్నాడు వినికిడి యంత్రం తీసుకున్నాను. ఏడాది నుంచి వాయిదా వేస్తూ వచ్చింది. చెవికి పెట్టుకున్నాక మొదటి రెండ్రోజులు నరకం. కాగితం తిప్పితే ఉరిమినట్టు, ఫ్యాన్ శబ్దం హోరు, జాలీకి చెవి దగ్గరగా పెడితే ఈల. అమర్చిన అబ్బాయి దాన్ని ఫోన్‌కు కలిపి సరిచేయొచ్చని చూపించాడు. పాపసంకీర్తన గదిలో మాత్రం ఫోన్ ఉండకూడదనుకున్నాను. ఎవరి పాపమూ ఏ పరికరంలోకీ చేరే అవకాశం అణువంత కూడా ఉండకూడదు. అందుకని ఆ అనుసంధానం తీసేసి, ఫోన్ ఇంట్లో వదిలి, ఉత్త యంత్రంతోనే కూర్చున్నాను.

అదీ చాలలేదు. చివరకు పనిచేసింది కుర్చీల అమరిక. గుడి పక్కనున్న చిన్న గదిలో రెండు కుర్చీలు వేశాను, వచ్చినవాళ్లు నా కుడిచెవి వైపు కూర్చునేలా. పెదాలు కనిపిస్తే సగం మాట కళ్లకు వినిపిస్తుంది. ముఖం చూపించడం ఇష్టం లేనివాళ్లకు జాలీ హక్కు ఉంది, ఆ హక్కు తీసేయడానికి నేనెవర్ని? అందుకని జాలీ ఉన్న ఆ పాత పెట్టె అలాగే ఉంచి, వారానికి ఒక సాయంత్రం పక్క విచారణ నుంచి యువ గురువును రమ్మన్నాను. బయట నిలబడ్డ వరుసను తలుపుకు బాగా దూరం జరిపాను. ఆదివారం ప్రసంగం చివర ఉన్నదున్నట్టు చెప్పాను: "నాకు చెవులు సరిగా వినపడటం లేదు. కాస్త గొంతు పెంచి చెప్పండి. పొరపాటున ఎవరి చెవినైనా ఇంకొకరి మాట పడితే, దాన్ని దాచాల్సిన బాధ్యత గురువుకు ఎంతో విన్నవాళ్లకూ అంతే." గుడిలో ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ఆ వారం వరుస ఎప్పటికన్నా పొడవుగా ఉంది. నా లోపం ముందు నేను చెప్పుకున్నాక, తమది చెప్పడం వాళ్లకు కొంచెం తేలికైందేమో.

ఆ యువ గురువు నాలుగో ఆదివారానికి ముందు శుక్రవారం వచ్చాడు. ఆ శుక్ర శనివారాల్లో ప్రభువు కోసం 24 గంటలు గుడి తెరిచి ఉంచి, ఆరాధన, పాపసంకీర్తనం జరిపే పద్ధతి 2014లో ఫ్రాన్సిస్ పోపుగారు మొదలుపెట్టారు. మా దగ్గర తెల్లవార్లూ కాదు, రాత్రి పదింటిదాకా తెరిచి ఉంచాం. అందరూ వెళ్లాక అతని ముందు నేను మోకరించబోయాను. "కూర్చునే చెప్పండి ఫాదర్" అన్నాడు. కూర్చునే చెప్పాను. సాయం వద్దనడంలో గర్వం ఉందని, ఈ విచారణను నా సొంతంలా పట్టుకున్నానని చెప్పాను. అయ్యాక అతనే అడిగాడు, జబ్బుపడ్డవాళ్లకు తైలం రాసి ఇచ్చే అభ్యంగనం తీసుకుంటారా అని. ప్రాణం మీదికి వస్తేనే అని జనం అనుకుంటారు గానీ, వయసు వల్ల బాగా బలహీనపడ్డవాళ్లకు పెద్ద జబ్బు లేకపోయినా ఆ సంస్కారం ఇవ్వొచ్చు. ఎన్ని వందల నుదుళ్లకు, అరచేతులకు ఆ తైలం రాశానో లెక్కలేదు. నాకు ఎవరూ రాయలేదు. అరచేతులు చాచాను. వాచిన బొటనవేలి మీదుగా అతని వేలు వెళ్లినప్పుడు ఏడుపొచ్చింది. అతను చూసీ చూడనట్టు ప్రార్థన చదివాడు. అందుకు అతనికి ఎంతో రుణపడి ఉన్నాను.

నిలబడటం సంగతి ఆ తర్వాతే తేల్చుకున్నాను. నిలబడలేని వృద్ధ గురువు కూర్చుని పూజ చేయొచ్చు, కానీ ప్రజల ముందు అలా చేయాలంటే బిషప్‌గారి అనుమతి కావాలి. ఒక పేజీలో రాసి పంపాను. అనుమతి వచ్చింది. దాన్ని నాలుగైదు సార్లకన్నా వాడలేదు, కానీ ఎత్తైన కుర్చీ ఒకటి బలిపీఠం వెనక ఉందన్న ధీమాకే కాళ్లు కుదుటపడ్డాయి.

ఆ రోజుల్లో ఇద్దరు పోపులు తరచుగా గుర్తొచ్చేవారు. 2005 పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు రెండో జాన్ పాల్ రోమ్‌లోని కొలోసియం దగ్గరకు వెళ్లలేక, తన ప్రార్థనాలయంలో కూర్చుని సిలువ మార్గాన్ని టీవీలో అనుసరించారు. మనకు ఆయన వీపే కనిపించింది. ఎనిమిది రోజులకు, ఏప్రిల్ 2న కన్నుమూశారు. 16వ బెనెడిక్ట్ తన బలం సరిపోవడం లేదని 2013 ఫిబ్రవరి 11న చెప్పి, రెండ్రోజుల తర్వాత విభూది బుధవారం పూజ చేసి, ఆ నెలాఖరుకు దిగిపోయారు. చివరిదాకా ఉండిపోయిన ఆయనలోనే విశ్వాసం ఎక్కువని నేను చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఐదో వారంలో రాజీనామా లేఖ రాశాను. మొదటిసారి రాసినప్పుడు కట్టించిన గది, బాగుచేయించిన గంట, అన్నీ వచ్చాయి. చింపేశాను. రెండోసారి మూడు వాక్యాలు. దాన్ని సొరుగులో పెట్టాను, పుట్టినరోజుకు పంపాలి.

ఈస్టర్‌కు ముందరి పవిత్ర వారంలో నేను చేసిన పనులకన్నా వదిలేసిన పనులే ఎక్కువ. మ్రానికొమ్మల ఆదివారం ఊరేగింపు వెంట నడవలేదు, గుడి గుమ్మం దగ్గర ఎదురుచూశాను. పవిత్ర గురువారం పాదాలు కడగడానికి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, అది నాదే. పన్నెండు మందిని కొంచెం ఎత్తు మీద కూర్చోబెట్టి, నేను పొట్టి పీట మీద కూర్చుని కడిగాను. పీటను ఒక్కో మనిషి దగ్గరకూ ఉపదేశి జరిపాడు. ఆ పన్నెండు మందిలో ఐదుగురు ఆడవాళ్లు. ఆడవాళ్ల పాదాలూ కడగొచ్చని 2016లో నియమం మారినప్పుడు నేను సంకోచించినవాళ్లలో ఒకణ్ని. ఈసారి ఒక ముసలమ్మ పగిలిన మడమలు తుడుస్తుంటే, ఆ సంకోచం ఎందుకొచ్చిందో నాకే అర్థం కాలేదు.

పవిత్ర శుక్రవారం ఆరంభంలో గురువు పీఠం ముందు సాష్టాంగపడతాడు. పోయిన ఏడు పడ్డాను గానీ లేవలేకపోయాను, ఇద్దరు కుర్రాళ్లు చంకల కింద చేతులు వేసి లేపారు. జనం ఎంత కంగారుపడ్డారో, ప్రభువు శ్రమల నుంచి వాళ్ల ధ్యాస నా మీదికి మళ్లింది. ఈసారి నియమం ఇచ్చిన రెండో దారి తీసుకున్నాను, మోకరించాను. తలెత్తకుండానే తెలిసింది, నా వెనక అందరూ అలాగే మోకాళ్లమీద ఉన్నారు.

ఈస్టర్ ముందు రాత్రి జరిపే పాస్కా జాగరణకు పాత నిబంధన పఠనాలు ఏడు. అవసరమైతే మూడింటికి తగ్గించుకోవచ్చు, ఎర్రసముద్రం దాటిన పఠనం మాత్రం వదలకూడదు. నాలుగేళ్లుగా అలసట వల్ల మూడే చదివిస్తున్నాను. ఈసారి ఏడూ ఉంచాను. చదివేది వాళ్లు, వినేది నేను, కూర్చోవడానికి కుర్చీ ఉంది, చెవికి యంత్రం ఉంది. పాస్కా ప్రకటన గీతం కూడా నేను పాడలేదు, విచారణలో మంచి గొంతున్న ఒక అమ్మాయి పాడింది. చీకట్లో కొవ్వొత్తుల వెలుగులో ఆ గీతాన్ని మాట మాటా విన్నాను. ఇన్నేళ్లూ తర్వాతి స్వరం అందుతుందా లేదా అన్న ఆందోళనలోనే పాడాను. అందులో తేనెటీగల శ్రమ గురించి ఉన్న చరణం ఇంత అందంగా ఉంటుందని ఆ రాత్రే తెలిసింది.

కొత్త నిబంధనలోని పత్రిక, అంటే లేఖ, పఠనం అయ్యాక అందరూ లేచారు. విభూది బుధవారం నుంచి గుడిలో ఎవరూ పలకని అల్లెలూయను అప్పుడు గురువు ఎత్తుకోవాలి, మూడుసార్లు, ప్రతిసారీ ఒక స్వరం పైకి. మొదటిసారి వచ్చింది, జనం తిరిగి పాడారు. రెండోసారి కష్టం మీద వచ్చింది. మూడోసారికి నోరు తెరిచాను, సగంలో గొంతు ఆగిపోయింది. నేను ఉపదేశి వైపు చూసేలోపే ముందు వరుసలోంచి ఎవరో అందుకున్నారు, ఆ వెంటనే గుడంతా అందుకుంది. కుడిచెవిలో యంత్రం ఈల వేసింది. దాన్ని తీయకుండా అలాగే నిలబడి విన్నాను.