కలివి పొదల దగ్గర

ఆదివారం, రాత్రి పది దాటింది.

చీర కుచ్చెళ్లకు అంటుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీస్తూ కూర్చున్నాను. పిల్లలు పడుకున్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నయ్య పిల్లలిద్దరినీ తీసుకుని, కలివి కోడి అనే అరుదైన పిట్ట కోసమని కడప నుంచి లంకమల అడవి వైపు వెళ్లాను. పెద్దవాడు డిగ్రీ రెండో ఏడు, చిన్నది నాలుగో తరగతి. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకున్నాను. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది. మా ఇళ్లలో లంకమల అంటే మల్లేశ్వరుడి గుడి, శివరాత్రి, వంటసామాను మూటలు. ఆ అడవికి వేరే కాపురస్తులున్నారన్న మాట చిన్నప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

మాతో వచ్చిన వాచర్ నెమ్మదైన మనిషి. బండి దిగగానే, "అమ్మా, దోవ వదిలి పక్కకు పోవద్దు. పిల్లలను గట్టిగా అరవనివ్వద్దు" అన్నాడు. ఆ తర్వాత అరగంట అతనూ పెద్దగా మాట్లాడలేదు.

చూడటానికి అక్కడ ఏముంది? ముళ్లకంపలు, వాటి మధ్య గులకరాళ్ల నేల. తెలియనివాళ్లు బీడు అనుకుంటారు. కలివి కోడికి కావలసింది సరిగ్గా ఆ బీడే. పొదలు మరీ దట్టంగా ఉన్నా, మొత్తం నరికేసినా అది ఉండలేదు. పగలు పొద నీడలో కదలకుండా ఉండి, చీకటి పడ్డాక ఆ ఖాళీ నేల మీద పరుగులు తీస్తూ పురుగులను ఏరుకుంటుంది. 1848లో జెర్డన్ అనే వైద్యుడి పేరుతో లోకానికి తెలిసిన ఈ పిట్ట 1900 తర్వాత కనబడకుండా పోయింది. ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో మన రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. పట్టుకున్నది ఐతన్న అనే పిట్టల వేటగాడు, గుర్తించింది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్. ఆ పట్టిన పిట్ట మాత్రం బతకలేదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. 1988లో లంకమలను అభయారణ్యంగా ప్రకటించడానికి కారణం ఈ పిట్టే.

దీన్ని వెతికిన పరిశోధకుల పద్ధతి నాకు చాలా ఇష్టం. సాయంత్రం పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలా పరిచి వెళ్లిపోయేవారు. పొద్దున వచ్చి దాని మీద అడుగులు చూసేవారు. ఈ జాతికి వెనకవేలు ఉండదు, ముందుకు మూడు వేళ్లే. పిట్టను కదిలించకుండా దాని ఉనికి తెలుసుకోవడమంటే అది.

చిన్నది కలివి పొద ముందు కూర్చుంది. నల్లగా మిగలపండిన కాయలు. ఒకటి తెంపగానే తొడిమ దగ్గర పాలచుక్క ఉబికి, దాని వేలికి జిగురుగా అంటుకుంది. "తినొచ్చా అత్తా?" అంది. నేను నోరు తెరిచేలోపే వాచర్ వంగి మెల్లగా చెప్పాడు: "ఊరి చేలగట్ల మీదివి ఎన్నయినా తిను తల్లీ. ఇవి ఇక్కడి పిట్టలకు, నక్కలకు." అది చెయ్యి వెనక్కు తీసుకుంది.

పన్నెండేళ్ల కిందట ఇదే అడవిలో మేం మూడు రాళ్ల పొయ్యి పెట్టి పులిహోర కలుపుకున్నాం. నిప్పుల మీద చెంబెడు నీళ్లు పోసి, అదే చాలనుకుని వచ్చేశాం. ఎండుగడ్డిలో ఆ నిప్పు మళ్లీ రాజుకుని ఉంటే? ఇవాళ ఆ దోవలో నడుస్తున్నంతసేపూ అదే ఆలోచన.

పొద్దు వాలేసరికి అడవిలోంచి బయటికి వచ్చి బద్వేలు రోడ్డు పక్కన ఆగాం. అప్పుడు పెద్దవాడు ఫోను తీశాడు. కలివి కోడి పిలుపు రికార్డింగు అందులో పెట్టుకొచ్చాడు. పొద్దుగుంకిన తర్వాత కాసేపే అది పిలుస్తుందని చదివాడట. "ఒక్కసారి వినిపిస్తే దగ్గర్లో ఉంటే బదులిస్తుంది అత్తా!" వాడి కళ్లలో ఆశ చూసి నాకూ ఒక్క క్షణం మనసు లాగింది. కానీ తన చోటికి ఇంకొకటి వచ్చిందని అది కంగారుపడదూ? మేత మాని, పొద వదిలి వెతుక్కుంటూ వస్తుంది. పరిశోధకులు అనుమతితో, లెక్క కోసం ఆ పని చేస్తారు. మనం చేస్తే సరదా కోసం దాన్ని మోసం చేసినట్టే. అదే చెప్పాను. వాడు ముఖం ముడుచుకుని ఫోను జేబులో పెట్టుకున్నాడు. వాడి కోపం నాకు అర్థమైంది, మాట మాత్రం మార్చుకోలేదు.

లైట్లు ఆర్పేసి ఇరవై నిమిషాలు చీకట్లో నిలబడ్డాం. ఒక తీతువు అరిచింది. లారీలు రెండు పోయాయి. అంతే. కారెక్కాక పెద్దవాడు, "ఇంకోసారి శీతాకాలంలో వద్దాం అత్తా" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఇంటికొచ్చి సంచి దులిపితే మూడు నీళ్ల సీసాలు, చిక్కీ కాగితాలు, టిష్యూలు. తీసుకెళ్లినవన్నీ తిరిగొచ్చాయి. చిన్నదాని గౌను ఉతుకుదామని జేబు తడిమితే నలిగిన కలివికాయ ఒకటి, చుట్టూ ఊదారంగు మరక. లేపి అడగలేదు. కాయను కిటికీ దగ్గర సాసరులో పెట్టాను.