రోడ్లన్నీ దక్షిణానికి జరిగిపోయాయి: ప్రొజెక్షన్ లేబుల్‌తో నా అనుభవం

నిన్న సాయంత్రానికి మా వెబ్ మ్యాప్‌లో రోడ్ల లేయర్ ఉపగ్రహ చిత్రం మీద సరిగ్గా కూర్చుంది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఇదే చిక్కుతో తల పట్టుకున్నవాళ్లకు పనికొస్తుంది.

మొదట వచ్చినవి చిన్న చిక్కులే. కొన్ని సర్వే పాయింట్లు ఎక్కడో సముద్రంలో తేలాయి. జియోజేసన్ అనే మ్యాప్ డేటా ఫైల్ రకంలో రేఖాంశం ముందుంటుంది, వెబ్ మ్యాప్ గీసే లైబ్రరీ లీఫ్‌లెట్‌కు అక్షాంశం ముందివ్వాలి. వరస మార్చగానే సర్దుకున్నాయి. ఇంకో ఫైల్ మొత్తం ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖలో, సున్నా డిగ్రీల దగ్గర ఒక్క చుక్కలా ముద్దకట్టింది. డిగ్రీలను మీటర్లుగా చదివితే అలాగే అవుతుంది.

అసలు కష్టం రోడ్ల లేయర్‌తో వచ్చింది. గుండ్రటి భూమిని చదునైన మ్యాప్ మీదికి తెచ్చే లెక్కే ప్రొజెక్షన్. ఫైల్‌లోని అంకెలు ఏ ప్రొజెక్షన్‌వో దాని లేబుల్ ఒక ఈపీఎస్‌జీ నంబరుతో చెబుతుంది. డేటా ఇచ్చిన సంస్థ దానికి ఈపీఎస్‌జీ 3857, అంటే వెబ్ మెర్కేటర్ అని లేబుల్ పెట్టి పంపింది. మ్యాప్‌లో వేస్తే రోడ్లన్నీ కిలోమీటర్ల కొద్దీ దక్షిణానికి జరిగి కనిపించాయి. తూర్పు పడమరల్లో మాత్రం తేడా లేదు. ఏ మలుపు చూసినా ఉండాల్సిన చోటుకు సరిగ్గా కిందే ఉంది.

ఇది చెబితే మీటింగ్‌లో ఆ సంస్థ మనిషి తన కంప్యూటర్ స్క్రీన్ చూపించాడు. వాళ్ల రోడ్లు, వాళ్ల సరిహద్దులు ఒకదానిమీద ఒకటి చక్కగా కూర్చున్నాయి. "మా దగ్గర అంతా కరెక్టుగానే ఉందండీ. మీకు ప్రొజెక్షన్ల మీద అవగాహన ఉన్నట్టు లేదు," అన్నాడు, అందరి ముందూ. రెండు లేయర్లకూ ఒకే తప్పు లేబుల్ ఉంటే అవి కలవక ఏమవుతాయి? బయటి చిత్రం ఒక్కటి కింద వేసి చూపించమంటే వేయలేదు. మా లీడ్ గారు కూడా అతని మాటే నమ్మి, "లేయర్‌ను కాస్త పైకి జరిపేస్తే పోలా?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను వద్దంటున్నా టీమ్‌లో ఒకరు జరిపేశారు. మధ్యలో రోడ్లు అతికినట్టు సరిపోయాయి. ఉత్తరం కొసన ఇంకా కిందే ఉన్నాయి, దక్షిణం కొసన పైకి ఎక్కేశాయి. అంటే తేడా అంతటా ఒకేలా లేదు, అక్షాంశంతో పాటు పెరుగుతోంది. నాకు దారి దొరికింది అక్కడే.

వెబ్ మెర్కేటర్ అక్షాంశాలను డబ్ల్యూజీఎస్ 84 నుంచే, అంటే జీపీఎస్ వాడే భూమి నమూనా నుంచే తీసుకుంటుంది. లెక్క మాత్రం భూమి 6378137 మీటర్ల వ్యాసార్థం ఉన్న నికార్సైన గోళం అనుకుని వేస్తుంది. దీనికి అన్నలాంటిది ఈపీఎస్‌జీ 3395, వరల్డ్ మెర్కేటర్. అది ధ్రువాల దగ్గర నొక్కుకుపోయిన ఆకారంతో లెక్క వేస్తుంది. తూర్పు పడమరల సూత్రం రెండింటికీ ఒకటే. ఉత్తర దక్షిణాల్లోనే తేడా వస్తుంది. భూమధ్యరేఖ మీద అది సున్నా, 45 డిగ్రీల అక్షాంశం దగ్గర నేల మీద సుమారు 21 కిలోమీటర్లు.

ఉపగ్రహ చిత్రంలో స్పష్టంగా కనిపించే కూడళ్లు కొన్ని ఎంచుకున్నాను. ఒక్కోదాని అక్షాంశానికి 3857 ప్రకారం రావాల్సిన ఉత్తర దక్షిణ విలువ లెక్కగట్టి, అందులోంచి ఫైల్‌లో ఉన్న విలువ తీసేసి, వచ్చినదాన్ని అక్షాంశపు సైన్‌తో (త్రికోణమితిలోని sin) భాగించాను. ప్రతి కూడలికీ సుమారు 42,700 మీటర్లే వచ్చింది! భూమధ్యరేఖ దగ్గరి వ్యాసార్థాన్ని 0.00669తో, అంటే డబ్ల్యూజీఎస్ 84 ఎలిప్సాయిడ్ (ఆ నొక్కుకుపోయిన ఆకారం) ఉత్కేంద్రత వర్గంతో గుణిస్తే వచ్చేదీ అదే. ఆకారం ఎంత నొక్కుకుపోయిందో చెప్పేదే ఉత్కేంద్రత. ఇంకేం రుజువు కావాలి? ఫైల్‌లోని అంకెలు 3395వి, అతికించిన లేబుల్ 3857ది. ఈ లెక్క కాగితం మీద నేనే వేశాను, ఎవరి సాయమూ లేకుండా. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

సరిచేయడం నిమిషాల పని. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో ముందు 'అసైన్ ప్రొజెక్షన్'తో లేబుల్‌ను 3395కు మార్చాలి. అది అంకెలను ముట్టుకోదు. ఆ తర్వాతే అంకెలను కొత్త ప్రొజెక్షన్‌లోకి మార్చే 'రీప్రొజెక్ట్'తో 3857కు తేవాలి. లేబుల్ తప్పుగా ఉండగానే రీప్రొజెక్ట్ చేస్తే ఆ తప్పు కొత్త అంకెల్లోకి ఎక్కి కూర్చుంటుంది, వెతికి పట్టుకోవడం ఇంకా కష్టం.

లెక్కలన్నీ మెయిల్‌లో పెడితే ఆ సంస్థ నుంచి "అప్‌డేటెడ్ వెర్షన్ పంపుతున్నాం" అని ఒక్క ముక్క వచ్చింది. తప్పు జరిగిందన్న మాట అందులో ఎక్కడా లేదు. నలుగురిలో మాట అన్నవాళ్లు నలుగురిలోనే దిద్దుకోవాలి, అది కనీస మర్యాద. డేటా కొనేవాళ్లు మాత్రం లేబుల్‌ను నమ్మకండి. తెలిసిన కూడళ్లు రెండు, బాగా ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి ఎంచుకుని, వాటి అక్షాంశ రేఖాంశాలు రాసిమ్మని అడగండి. ఇవ్వకపోతే బిల్లు పాస్ చేయకండి.

వాళ్ల సరిహద్దుల లేయర్‌కూ ఇదే జబ్బు ఉంది. దాన్నీ ఈ పద్ధతిలోనే మార్చి, చేత్తో జరిపిన రోడ్ల ఫైల్‌ను సర్వర్ నుంచి తీసేశాను.