పాత చైన్ డోజరు రోలరు బోల్టులు విప్పిన వైనం: నా అనుభవం

మా మెట్ట పొలాలను చదును చేసిన పాత బీఈఎంఎల్ డి-50 చైన్ డోజరు కొన్నేళ్లు చెరువుకట్ట పక్కన వానకు తడుస్తూ పడి ఉంది. దాని అడుగున చైను మీద దొర్లే రోలర్లన్నీ నిన్న సాయంత్రానికి ఊడి వచ్చాయి. బ్లేడు తేలికగానే వచ్చింది. చైను వదులు చేయడానికి, దాన్ని గ్రీజు ఒత్తిడితో బిగించి ఉంచే అడ్జస్టరు గ్రీజు వాల్వును మెల్లగా, ఒక్క చుట్టుకు మించకుండా, ఎదురుగా నిలబడకుండా విప్పాలి. లోపలి ఒత్తిడికి అది ఎగిరి తగిలితే ప్రాణానికే ముప్పు.

అసలు యాతన రోలరు బోల్టుల దగ్గర మొదలైంది. పట్నం నుంచి పిలిపించిన మెకానిక్కు కనీసం వంగి చూడకుండానే, ఊరివాళ్లందరి ముందు, "గ్యాసుతో కోసేద్దాం, లేదంటే పాత ఇనుముకు వేసెయ్యండి" అని తేల్చి, రానుపోను ఖర్చులు పుచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ మాట నన్ను చాలా నొప్పించింది. సుత్తి పట్టకముందే గ్యాసు కట్టరు అడిగే మనిషికి మంచి యంత్రాన్ని అప్పగించకండి.

ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా ఉబ్బి, బోల్టు మరల సందుల్లో మేకులా బిగుసుకుంటుంది. అందుకే పానాకు పొడవాటి పైపు తొడిగి లాగితే బోల్టు కదలకుండా తలే తెగుతుంది. నేను వైరు బ్రష్షుతో మట్టి గీకి, అసిటోనూ ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో వాడే ఏటీఎఫ్ నూనే సమపాళ్లలో కలిపి రోజూ పోస్తూ, బోల్టు తలమీద సుత్తితో నిటారుగా కొడుతూ వచ్చాను. తరువాత ముందుగా కొద్దిగా బిగించి, ఆపైన విప్పి, మళ్లీ బిగించి, అలా అటూ ఇటూ ఆడిస్తే చాలా బోల్టులు లొంగాయి.

లొంగనివాటికి, అసిటోను పూర్తిగా ఆరాక, బోల్టును కాకుండా దాని చుట్టూ ఉన్న ఫ్రేమును వేడి చేసి, కొవ్వొత్తి తాకించాను. కరిగిన మైనం మరల్లోకి దిగిపోయింది. రోలరులో నూనె, అడ్జస్టరులో గ్రీజు బందీగా ఉంటాయి కాబట్టి మంటను వాటివైపు ఎంతమాత్రం తిప్పకూడదు.

ఒక బోల్టు తల ముందే తెగి, మొండెం కొద్దిగా మాత్రమే బయటికి కనబడుతోంది. దానిమీద పెద్ద నట్టు ఉంచి, నట్టు రంధ్రం నిండేలా వెల్డింగు చేయించి, ఎరుపు తగ్గగానే పానా వేశాను. టక్కుమని శబ్దం వచ్చింది, మరల నుంచి ఎర్రటి పొడి రాలింది, మెల్లగా తిప్పగా మొండెం మొత్తం బయటికి వచ్చింది. దాని చివరి రెండు మరలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఆ మెకానిక్కు కోయమన్న ఫ్రేములో ఒక్క రంధ్రమూ చెడలేదని గర్వంగానే చెబుతున్నాను.

ఇప్పుడు రంధ్రాలన్నింటికీ మరలు కోసే ట్యాపు వేసి శుభ్రం చేశాను. కొత్తవి గట్టి రకమైన 10.9 గ్రేడు బోల్టులే తీసుకోండి, మరలు మళ్లీ పట్టేయకుండా రాగి పొడి కలిసిన యాంటీసీజు ముద్ద పూయండి. జారుడు పెరుగుతుంది కాబట్టి ఏమీ పూయని మరలకు చెప్పిన టార్కు (బిగించే బలం) కంటే తగ్గించి బిగించాలి, లేకపోతే బోల్టు సాగిపోతుంది.